వదిలేసి లేవగలిగే పని: చంటిపిల్లలతో చీర కుచ్చులు, వంట, వడియాలు

మాది బరంపురం, గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వస్తే మొదట తగిలే పెద్ద ఊరు మాదే. బాబుకి అయిదేళ్లు, పాపకి ఏడాదిన్నర. మా ఆయన ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే మళ్లీ రాత్రి తొమ్మిదికే ఇంటికి రావడం. అత్తమ్మ మాతోనే ఉంటారు. మోకాళ్ల నొప్పుల వల్ల పాపని ఎత్తుకుని తిరగలేరు గానీ, కూర్చున్నచోట ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్తారు. నేను ఇంట్లో ఉండి చీరల కొంగు అంచుకి వేలాడే దారపు కుచ్చులు కడతాను. సంక్రాంతి వెళ్లాక వడియాలు పెడతాను, మాకూ, అడిగిన నలుగురైదుగురికీ. ఈ రెండూ, రోజువారీ వంటా, పిల్లలూ ఒకే రోజులో ఎలా ఇముడుతాయని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నాకు కుదిరిన పద్ధతి వివరంగా రాస్తున్నాను.

బాబు పుట్టిన కొత్తలో నేనూ "వాడు పడుకున్నాక చేద్దాం" అనే అనుకునేదాన్ని. వాడు పడుకునేసరికి అంట్లుండేవి, ఉతకాల్సిన గుడ్డలుండేవి. అవన్నీ అయ్యి చీర విప్పి నాలుగు ముడులు వేసేలోపు లేచిపోయేవాడు. పని ఆగిపోయిందన్న విసుగు పసివాడి మీద చూపించేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత ఒక సంగతి అర్థమైంది. ఈ పనికి ఎంతసేపు పడుతుందని లెక్కేసుకుంటే చంటిపిల్లలున్న ఇంట్లో ఏ పనీ మొదలుకాదు. చూసుకోవాల్సింది వేరు. ఇప్పుడు పాప ఏడిస్తే దీన్ని ఎక్కడిదక్కడ వదిలేసి లేవగలనా? లేస్తే ఏం చెడుతుంది? పప్పు నానబోసి గంట ఆలస్యంగా చూసినా పోయేదేం లేదు. గోంగూర ఆకు తుంచడం ఏ ఆకు దగ్గరైనా ఆపొచ్చు. అదే అరిసెల పాకమైతే మనం అటు తిరిగి ఇటు చూసేలోపు ముదిరిపోతుంది. కాగిన నూనె, వేడి ఇస్త్రీపెట్టె, పరిచిన పట్టుచీర, చేతిలో సూది, ఇవేవీ వదిలి పరిగెత్తే పనులు కావు. అలాంటివి పెద్దవాళ్లెవరైనా పిల్లల దగ్గరుంటేనే, లేదా ఇద్దరూ గాఢనిద్రలో ఉంటేనే ముట్టుకుంటాను. మిగతావన్నీ రోజంతా ముక్కలు ముక్కలుగా జరిగిపోతాయి.

ముందు కుచ్చుల సంగతి. బరంపురం పట్టుకి మా ఊళ్లో పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంచులో దేవాలయ గోపురాల్లాగా వరసగా లేచే ఫోడా కుంభ నేత దాని ప్రత్యేకత. ఆ చీరలు నేసే దేవాంగుల ఇళ్లలో తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. మా పిన్ని ఆ వీధిలోనే ఉండి కుచ్చులు నేర్చుకుంది, నేను పిన్ని దగ్గర నేర్చుకున్నాను. పిన్ని చీర ఒళ్లో వేసుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన కట్టేది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అలా కుదరదు. అందుకని నేను పనిని రెండుగా విడగొట్టాను. కుచ్చులు విడిగా తయారు చేసుకోవడం ఒకటి, వాటిని చీరకి కుట్టడం ఒకటి. మొదటిదానికి చీరతో పనే లేదు. చీర బీరువాలోనే ఉంటుంది.

కుచ్చు ఇలా చేస్తాను. గట్టి అట్టముక్క ఒకటి రెండున్నర అంగుళాల వెడల్పున కత్తిరించుకోండి. శుభలేఖ అట్ట సరిగ్గా సరిపోతుంది. దాని పక్క అంచున చిన్న గాటు పెట్టండి. సిల్క్ దారం కొస ఆ గాటులో ఇరికించి అట్ట చుట్టూ 25 చుట్లు చుట్టాలి. మధ్యలో పిల్లలు పిలిస్తే దారాన్ని మళ్లీ అదే గాటులో ఇరికించేసి, ఎన్ని చుట్లయ్యాయో అట్ట మీదే పెన్సిల్‌తో రాసేసి లేవండి. దారం ఊడదు, లెక్క పోదు. ఈ చిన్న గాటు వల్ల నాకు కలిసొచ్చినంత సమయం ఇంకే చిట్కా వల్లా కలిసిరాలేదు. 25 అయ్యాక పై అంచు కింద నుంచి ఒక దారం దూర్చి గట్టిగా రెండు ముడులు వేయాలి, దాని కొసలు చీరకి కట్టడానికి వదిలేయాలి. తర్వాత కింది అంచున కత్తెరతో కోస్తే గుత్తి విడుతుంది. పై నుంచి పావు అంగుళం కిందికి జరీ దారం ఆరేడు చుట్లు బిగించి, కొసని సూదితో లోపలికి లాగేస్తే కుచ్చుకి మెడ వస్తుంది. మెడ వదులైతే నాలుగుసార్లు కట్టేసరికి దారాలు జారిపోతాయి, కాబట్టి ఇక్కడ మాత్రం తొందర పడొద్దు.

కొంగు వెడల్పు మామూలుగా 45 అంగుళాలు ఉంటుంది. అంగుళానికొకటి పెడితే 46 కుచ్చులు. ఒక్కో కుచ్చుకి మూడు మీటర్లకి పైగా దారం పడుతుంది, అంటే మొత్తానికి 150 మీటర్లు. నేను 200 మీటర్లు ఒకేసారి కొంటాను. మధ్యలో అయిపోయి మళ్లీ కొంటే అదే నంబరు రంగు కూడా ఒక్కోసారి ఒక ఛాయ తేడా వస్తుంది, పట్టు మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రోజుకి తొమ్మిదో పదో కుచ్చులు చేసుకుంటే అయిదు రోజులు. కుక్కర్ కూత కోసం చూస్తూ రెండు, బాబుని దిద్దడానికి కూర్చోబెట్టి మూడు, అత్తమ్మ పాపకి అన్నం తినిపిస్తుంటే ఇంకో నాలుగు. అయినవి అయినట్టు మూత బిగువుగా ఉన్న పాత బిస్కెట్ డబ్బాలో వేసేస్తాను.

కుట్టడం రాత్రిపూట, ఇద్దరూ పడుకున్నాక. కొంగు అంచు మీద అంగుళానికొక చుక్క బట్టల సుద్దతో ముందే పెట్టుకుంటాను. కింద పాత దుప్పటి పరిచి దాని మీద కూర్చుంటాను. పాప కదిలిన అలికిడి వినపడితే ముందు సూదిని సూదులు గుచ్చుకునే చిన్న దిండుకి గుచ్చి, చీరని మెల్లగా మడిచి, దుప్పటి నాలుగు మూలలూ కలిపి మూటలా ఎత్తి అలమరా పై అరలో పెట్టేస్తాను. అర నిమిషం పట్టదు. నేల మీద ఏమీ మిగలదు.

కొందరు వేరే కుచ్చులు వద్దు, చీర చివర వదిలిన పడుగు పోగులకే ముడులు వేయమంటారు. అది చీర బయటికి తీయక తప్పని పని, అందుకని నేను ఆదివారాలకి పెట్టుకుంటాను. అందులో ఒక్కటి చెప్తాను. ముడి నేత అంచుకి ఆనుకుని రావాలంటే, ఉచ్చు వేశాక బిగించకుండా ఆ ఉచ్చులో సూది పెట్టి, సూదితోనే ముడిని అంచు దాకా జరిపి అప్పుడు లాగాలి. అలా చేస్తే 46 ముడులూ ఒకే గీత మీద నిలబడతాయి.

సూదుల గురించి గట్టిగా చెప్పాలి. పాపకి ఎనిమిది నెలలప్పుడు, అప్పుడే దోగాడుతోంది, ఒక సాయంత్రం దిండులో అయిదు సూదులుండాల్సింది నాలుగే ఉన్నాయి. ఒళ్లంతా చెమట పట్టింది. పాపని అత్తమ్మకిచ్చి మంచం మీద నుంచి దించొద్దన్నాను. గది ఊడ్చాను, దుప్పట్లు దులిపాను, కనపడలేదు. చివరికి పాడైపోయిన స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం గుర్తొచ్చి, దాన్ని చేత్తో పట్టుకుని చాప మీద వరస వరసగా జరిపాను. చాప అల్లిక సందులోంచి టిక్కుమని వచ్చి అతుక్కుంది. ఆ రోజు నుంచి అయిదు సూదులు లెక్కపెట్టి తీస్తాను, అయిదు లెక్కపెట్టి పెడతాను. అయస్కాంతం దారాల డబ్బాలోనే ఉంటుంది. మీ ఇంట్లో కుట్టుపని ఉంటే ముందు అది సంపాదించండి.

పూసల కుచ్చులు పాపకి మూడేళ్లు నిండేదాకా ఒప్పుకోనని చెప్పేశాను. ఆ వయసులో చేతికి దొరికింది నోట్లోకే వెళ్తుంది, పూస గొంతుకి అడ్డం పడితే ఊపిరి ఆడదు. పూసల బదులు జరీ మెడ రెండు రంగుల్లో వేసి చూపిస్తే చాలామంది సరేనన్నారు. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. తెగిన సిల్క్ పోగు పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే అక్కడ రక్తం ఆగిపోతుంది. అంత సన్నటి పోగు కంటికి కూడా ఆనదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియదు. అందుకే కత్తిరించిన ముక్కలన్నీ వెంటనే ఒక సీసాలో వేసేస్తాను, స్నానం చేయించేటప్పుడు పాప చేతివేళ్లూ కాలివేళ్లూ విడదీసి చూస్తాను.

గడువు చెప్పేటప్పుడు నా లెక్కకి రెట్టింపు చెప్తాను. వారం పడుతుందనుకుంటే పదిహేను రోజులంటాను. పిల్లలకి ఒక జ్వరం వచ్చిందంటే నాలుగు రోజులు ఎటో పోతాయి. రెండేళ్లకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి జాతర వచ్చినప్పుడు చీరలు ఎక్కువొస్తాయి. అప్పుడు కూడా ఒప్పుకున్న వాటికి మించి ఒక్కటి తీసుకోను. టెన్షన్‌తో చేస్తే ముడి వంకర పోతుంది.

ఇక వంట. రాత్రి నేను పడుకున్నాక కూడా వంటింట్లో పని జరుగుతూనే ఉండాలి, అదే నేను చూసుకునేది. నానేవి నానాలి, పులిసేవి పులవాలి. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు మధ్యాహ్నం నానబోస్తే రాత్రి భోజనాలయ్యాక రుబ్బి కలిపి వదిలేస్తాను. పొద్దున అదే పిండి ఇడ్లీ, మర్నాడు అట్లు, చివర మిగిలింది మందపాటి రొట్టె. మూడు పొద్దుల టిఫిన్ ఒక రుబ్బుతో అయిపోతుంది.

కందిపప్పు రెండు రోజులకి సరిపడా ఒకేసారి ఉడికించి సగం ఫ్రిజ్‌లో పెడతాను. ఒకరోజు పప్పుచారు, ఇంకోరోజు ఒడియా వాళ్ల దాల్మా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకేనేమో మా వంటిళ్లలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. చంటిపిల్లల తల్లికి దాల్మాని మించిన వంట లేదని నా గట్టి నమ్మకం. పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయి. పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ, ములక్కాడ, ఏముంటే అవి పెద్ద ముక్కలుగా కోసి పసుపేసి ఉడికించి, ఉడికిన పప్పులో కలిపేయడమే. చిన్న ముక్కలు కోస్తే గుజ్జయిపోతాయి. ఈ దశలోనే పాపకి రెండు గరిటెలు పక్కకి తీసి, ములక్కాడ తీసేసి, నెయ్యి వేసి మెదిపి పెడతాను. ఏడాది లోపు బిడ్డకైతే ఉప్పు కూడా వేయకముందే తీయాలి. తర్వాత మనకి పంచఫుటాణ తాలింపు, అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ. పైన కాస్త పచ్చి కొబ్బరి కోరు. చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లితే ఆ వాసనకే సగం కడుపు నిండుతుంది. ఆ పొడి మాత్రం నెలకొకసారి కొట్టి సీసాలో పెట్టుకోండి, రోజూ మిరపకాయలు వేయిస్తే ఆ ఘాటుకి పిల్లలు దగ్గుతారు.

పాప దోగాడడం మొదలుపెట్టిన రోజే కత్తిపీట అటక ఎక్కింది. అత్తమ్మకి బాధ కలిగింది, ఆవిడ చేయి దానికే అలవాటు. కానీ నేల మీద నిలబెట్టిన కత్తి దోగాడే బిడ్డ మొహం ఎత్తున ఉంటుంది. ఇప్పుడు బల్ల మీద చాకుతోనే కోస్తున్నాం. పొయ్యి మీది మూకుడు పిడి ఎప్పుడూ గోడ వైపే.

పిల్లల్ని పని నుంచి తప్పించడం కన్నా పనిలోకి తీసుకోవడం నయం, వాళ్లకి సరిపోయే పని ఇస్తే చాలు. గోంగూర కట్ట విప్పి ముందు పెడితే బాబు ఆకు తుంచి గిన్నెలో వేస్తాడు, పాప ఆ గిన్నెలోంచి తీసి నేల మీద వేస్తుంది. నాకు ఇరవై నిమిషాలు దొరుకుతాయి, ఆకు ఎలాగూ మూడు నీళ్లలో కడగాల్సిందే కదా. శనగలు, వేరుశనగలు, బఠానీలు మాత్రం పాపకి ఆటకి కూడా ఇవ్వను, పూసలతో ఉన్న భయం వాటితోనూ ఉంది.

గుమ్మడి వడియాలకి వద్దాం. దీన్ని ఒక్క రోజు పనిగా చూస్తే భయమేస్తుంది. నేను ఒక రాత్రి, ఒక పొద్దు, నాలుగు ఎండలుగా విడగొట్టుకుంటాను. మా ఆయన సెలవు ముందు రోజు రాత్రి వచ్చి బూడిద గుమ్మడికాయ కోసిపెడతారు, దాని తోలు నా చేతికి లొంగదు. గింజలూ మెత్తటి గుజ్జూ తీసేసి చిన్న ముక్కలు చేయాలి. కిలో ముక్కలకి పావుకిలో మినపప్పు. ముక్కల్లో ఉప్పూ పసుపూ కలిపి పలచటి గుడ్డలో మూటగట్టి, చిల్లుల పళ్లెంలో పెట్టి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టేస్తాను. తెల్లారేసరికి నీరంతా కారిపోతుంది. పప్పు కూడా అదే రాత్రి నానుతుంది. ఇదంతా ఎప్పుడు పడితే అప్పుడు వదిలి లేవగలిగిన పనే.

పొద్దుటి పని అలా కాదు. పిండి రుబ్బాక నిలవ ఉంచితే జావగారిపోయి వడియం నిలబడదు, ఒక గంటన్నర చెయ్యి తీయకుండా చేయాలి. అందుకని ముందురోజే పక్కింటి మావుసికి (ఒడియాలో పిన్ని అని) చెప్పుకుంటాను. ఆవిడ ఒడియా ఆవిడ, మా పెళ్లయిన కొత్త నుంచీ నాకు పెద్ద దిక్కు. ఆ పొద్దున పాప ఆవిడ చంకలోనే ఉంటుంది, ఎండిన వడియాల్లో మొదటి డబ్బా ఆవిడకే వెళ్తుంది. ఇలా ఒకరి చేయి సాయం అడగడానికి మొహమాట పడకండి. పప్పుని, నీళ్లు చిలకరించినట్టు మాత్రమే వేసి, గట్టిగా రుబ్బి, చివర్లో పది పన్నెండు పచ్చిమిరపకాయలు నూరి కలపాలి. చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి, తేలకపోతే చేత్తో ఇంకాసేపు గిలక్కొట్టాలి. ఇంగువ వేసి, పిండిన గుమ్మడి ముక్కలు కలిపి రుచి చూడండి. ముక్కల్లో ఉప్పు ఉంది కాబట్టి పిండిలో కొత్తగా వేసేముందు ఇది తప్పనిసరి. మేడ మీద తడి పంచె పరిచి నిమ్మకాయంత ముద్దలు పెట్టుకుంటూ పోవడమే. మిరపకాయ కలపకముందే బాబుకి గుప్పెడు పిండి విడిగా తీసి చిన్న గుడ్డ ముక్క మీద వాడి వడియాలు వాణ్నే పెట్టుకోమంటాను.

ఒడియాలో వడియాన్ని బొడి అంటారు, మేం పెట్టేదాన్ని పాణి కఖారు బొడి అంటారు. పోయిన ఏడాది మావుసి గోడ అవతల నుంచి "బొడి శుఖిలా కి?" అని అడిగింది, వడియాలు ఎండాయా అని. బాబు అప్పుడే స్కూల్లో చేరాడు. "ఇవాళ ఆదివారం, బడి లేదు మావుసీ" అని ఎంతో బుద్ధిగా జవాబు చెప్పాడు. అప్పటి నుంచి వడియాలు పెట్టే రోజుని మా ఇంట్లో బడి రోజు అంటాం.

గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గర, సాయంత్రం గాలిలో చెమ్మ ఉంటుంది. నాలుగున్నరకల్లా పంచెతో సహా లోపలికి తెచ్చేస్తాను. రెండో రోజు పంచె తిరగేసి వెనక నీళ్లు చిలకరిస్తే వడియాలు విరగకుండా ఊడొస్తాయి. ఊడదీయడం పిల్లలకి పండగ. తర్వాత పళ్లెంలో తిరగేసి ఎండబెట్టాలి. నాలుగో రోజు ఒకటి విరిచి చూడండి, మధ్యలో వేలికి మెత్తగా తగిలితే ఇంకో ఎండ కావాలి. వేసవిలో పఖాళ, అంటే మన చద్దన్నం, తినేటప్పుడు ఈ వడియాలు వేయించి నలిపి, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి పెట్టుకుంటే ఇంకో కూర అక్కర్లేదు. ఎండల్లో ఆ పూట పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది.

వడియాల వారంలో చీర మాత్రం బయటికి తీయకండి. రెండేళ్ల కిందట నేను తీశాను. గుమ్మడి ముక్కల్లో పసుపు కలుపుతుంటే బాబు పక్కనే ఆడుతున్నాడు, ఆ చేతులతోనే వెళ్లి మంచం మీదున్న, కుచ్చులకని ఒకరు ఇచ్చిన చీర కొంగు పట్టుకున్నాడు. గంధం రంగు పట్టు మీద నాలుగు వేళ్ల పచ్చటి గుర్తు. అదే సాయంత్రం చీర తీసుకుని వాళ్లింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను, డ్రై క్లీనింగ్ నేనే చేయించి ఇచ్చాను, కూలి తీసుకోలేదు. మరక చాలావరకు పోయింది, వాళ్లు ఇప్పటికీ నాకే చీరలు ఇస్తున్నారు. ఇప్పుడు వడియాలు పెట్టే వారమంతా చీరలు బీరువాలోనే ఉంటాయి. ఆ రోజుల్లో చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అట్టముక్క మీద దారం చుట్టుకోవడం ఒక్కటే చేస్తాను.